మా మేనత్త ఇంటి వెనక బట్టీ గొయ్యి

పోయిన ఆదివారం పేపరు లోపలి పేజీలో ఒక ఫొటో వేశారు. ఎక్కడో దూరాన గనులు తవ్వి, ఖనిజం అయిపోయాక వదిలేసిన కొండ. దాని వాలు మీద నలుగురు కుర్రవాళ్లు తాళ్లు పరిచి గళ్లు గీసుకుని, ఒక్కొక్క గడిలో మొలిచిన మొక్కల్ని చూసి రాసుకుంటున్నారు. ఏ మొక్క ముందు వచ్చింది, దాని నీడన ఏది లేచింది, ముందు వచ్చినది ఎప్పుడు తప్పుకుంది అని ఏళ్ల తరబడి గమనిస్తున్నారట. కాఫీ చల్లారిపోయేదాకా ఆ ఫొటో చూస్తూ కూర్చున్నాను. కోనసీమలో పుట్టిన వాళ్లకి కొండ అంటే బస్సెక్కి వెళ్లి చూడవలసిన వస్తువు, గని అంటే పాఠ్యపుస్తకంలో బొమ్మ. అయినా నాకు ఆ వాలు తెలుసు. అలాంటిదే ఒకటి మా మేనత్త ఇంటి వెనక ఉండేది. దాన్ని మళ్లీ పచ్చబరచడంలో నా చెయ్యి కొంత ఉంది. అంతకు ముందు దాన్ని బోడి చెయ్యడంలో నా చెయ్యి అంతకంటే ఎక్కువే ఉంది. మొదటిది చాలాసార్లు చెప్పుకున్నాను. రెండోది మన ఈడు వాళ్ల దగ్గరైనా ఒప్పుకోవాలి కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

కొత్తపేట నుంచి ఏటివైపు వెళ్లే దారిలో మా పేట. మా తాతల కాలంలో అందరివీ రైతుల పొలాల్లో పనిచేసే కుటుంబాలు. మిషను బడి పుణ్యమా అని మా నాయనమ్మ అక్షరాలు నేర్చింది, మా నాన్నగారు మాస్టారయ్యారు, నేను హైస్కూల్లో సైన్సు టీచర్నయ్యాను. పేటంతా ఆదివారం ప్రార్థన గుడికి వెళ్తే నేను మాత్రం వెళ్లడం మానేశాను. గ్రంథాలయం వాకిట్లో సాయంత్రాలు జరిగే చర్చల్లో పెరిగినదాన్ని. దేవుడున్నాడా లేడా, మూఢనమ్మకాలకు మూలం ఎక్కడ, ఆడవాళ్ల చదువు ఎవరి కోసం, ఇలాంటి విషయాల మీద మాట్లాడించి, చివర ఓడిన వాళ్ల చేత గెలిచిన వాళ్ల వాదం మొత్తం అప్పజెప్పించేవారు మా గురువుగారు. ఎదుటివాడి వాదం వాడికంటే బాగా చెప్పగలిగితేనే దాన్ని ఖండించే హక్కు వస్తుందనేవారు. ఆ వయసులో ఖండించే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందనుకునేదాన్ని.

మా మేనత్త నాన్నగారి కంటే పెద్దది. మొగుడు చిన్నతనంలోనే పోతే, కొబ్బరి వలుపు జరిగే చోట డొక్కలు, అంటే కాయ మీది పీచు చెక్కలు, మోసి కొడుకుని పెంచింది. పేటలో ఆఖరి ఇల్లు ఆమెది. తాటాకు కప్పు, మట్టి గోడలు, ఎర్రమన్ను అలికిన అరుగు. దాని వెనకే బట్టీ గొయ్యి. ఇటుకల బట్టీ పెట్టిన ఆసామి బంకమట్టి కోసం రెండు నిలువుల లోతున తవ్వుకుంటూ తవ్వుకుంటూ పేట వైపుకి వచ్చేశాడు. అడుగున ఇసుక పొర తగిలింది. ఇసుకతో ఇటుక రాదు కనుక సామాను సర్దుకుని మరో ఊరు వెళ్లిపోయాడు. వెళ్లిపోతూ డీజిలింజను పట్టుకుపోయాడు గానీ, గొయ్యిలో నీళ్లు తోడడానికి వాలు మీద పాతిన ఇనప గొట్టాన్ని వదిలేశాడు. పంచాయతీ వాళ్లు పూడుస్తామన్నారు. ఏటా అన్నారు.

ఇసుక మీద కూర్చున్న బంకమట్టి ఎలా ఉంటుందో చెప్పడానికి పెద్ద సైన్సు అక్కర్లేదు. వాన పడితే కింద ఇసుక జారుతుంది, పైన మట్టి పెళ్లలుగా విరిగి పడుతుంది. మొదటి రెండు వానాకాలాల్లో అలా పడుతూ, గొయ్యి అత్తయ్య ఇంటి వైపు నడిచి వచ్చింది. ఆ తర్వాత ఎందుకో ఆగింది. ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు. హేతువు హేతువని ఊరంతా తిరిగి చెప్పే నేను కూడా అడగలేదు.

ఎందుకంటే అప్పటికి అందరి దృష్టీ దెయ్యం మీద ఉంది. ఎండాకాలం సాయంత్రాలు పడమటి గాలి తిరిగితే ఆ వాలు మీద నుంచి ఏడుపు వినిపించేది. సన్నగా మొదలై, సాగి సాగి, ఎక్కిళ్లు పెట్టినట్టు తెగిపోయేది. బట్టీ పనికి వచ్చిన ఒకామె గొయ్యిలో పడి పోయిందని కొందరు, ఆమె బిడ్డ అని కొందరు అనేవారు. ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు అని అడిగితే ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పలేదు. అయినా అటువైపు గడ్డికి ఒక్క ఆడమనిషి దిగేది కాదు, ఒక్క మేక వెళ్లేది కాదు. అంగుళం నేల ఖాళీగా ఉంటే కొబ్బరిమొక్కో అరటిపిలకో పెట్టే మా సీమలో, గేదెల గడ్డి కోసం కాలవగట్లన్నీ గొరిగేసే మా పేటలో, ఆ ఒక్క వాలు నాలుగేళ్లు మనిషి చెయ్యి పడకుండా ఉండిపోయింది.

వేసవి సెలవుల్లో ఒకరోజు నేను దిగుతానని ప్రకటించాను. సాయంత్రం ఐదింటికి పేటలో సగం మంది గట్టు మీద చేరారు. మా పాస్టరుగారు కాస్త ఎడంగా, అంటే పారిపోవడానికి వీలైన దూరంలో, సైకిలు పట్టుకుని నిలబడ్డారు. మీరు కూడా నమ్ముతారా అని అడిగితే, "నేను నమ్మనండి. కానీ అటేపు నాకు పనేం లేదు" అన్నారు. మా మేనత్త మాత్రం పళ్లెంలో అన్నం పెట్టుకుని వచ్చింది.

"చేపల పులుసు మిగిలిందే అమ్మాయ్. తినేసి దిగు. మళ్లీ తింటావో లేదో."

తిని దిగాను. మోకాలు దాటిన గడ్డి, నడుము దాకా వెంపలి మొక్కలు, పైన రెల్లు దుబ్బులు. చీరకి పల్లేరుకాయలు అంటుకున్నాయి. ముళ్ల గచ్చపొద పక్కన ఆ ఇనప గొట్టం మూతి పైకి చూస్తూ కనిపించింది. గాలి దాని మూతి మీదుగా వీచినప్పుడల్లా అది ఏడుస్తోంది. అరచెయ్యి పెట్టి మూశాను, ఏడుపు ఆగింది. తీశాను, ఏడ్చింది. మూసి తీసి, మూసి తీసి తాళం వేశాను. గట్టు మీద ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఆడవాళ్లు నవ్వారు, ఆఖరికి పాస్టరుగారు సైకిలు స్టాండు వేసి దగ్గరికొచ్చి నవ్వారు. అక్కడే అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంత ఆనందం నాకు ఉద్యోగం వచ్చినరోజు కూడా కలగలేదు. మా పేటలో భయం చచ్చిపోయిన వైనం అని ఒక వ్యాసం రాసి చిన్న పత్రికకి పంపాను.

భయం నిజంగానే చచ్చింది. వారం తిరక్కుండా కొడవళ్లు దిగాయి. తర్వాత దోకుడుపారలు దిగాయి. కోస్తే మొదలు మిగులుతుంది, దోకుడుపారతో చెక్కితే వేరుతో సహా వచ్చేస్తుంది, మోపు తొందరగా నిండుతుంది. రెల్లు కప్పుకి పోయింది, వెంపలి పొయ్యిలోకి పోయింది. గేదెలు పొద్దున్న దిగితే సాయంత్రానికి గానీ ఎక్కేవి కావు. గట్టు మీద నిలబడి, జనం ఎంత నిర్భయంగా తిరుగుతున్నారో అని మురిసిపోయాను. తొలకరి నాటికి ఆ వాలు పచ్చగా కాదు, గొరిగిన గుండులా పసుపుగా మెరుస్తోంది. గొట్టం చుట్టూ గచ్చముళ్లు ఉండడం వల్ల అక్కడొక్కచోట మాత్రం గేదెలు మూతి పెట్టలేదు.

శ్రావణంలో నాలుగు రోజులు వాన వదలకుండా పట్టింది. ఏట్లో ఎర్రనీరు గట్టు సగానికి వచ్చింది. ఐదో రోజు పొద్దున్నే బావ, అంటే అత్తయ్య కొడుకు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెళ్లి చూస్తే ఇంటి వెనక గేదెల పాక లేదు. పాక నిలబడిన నేల మొత్తం ఒక్క పెళ్లగా జారి గొయ్యిలోకి వెళ్లిపోయింది. గేదె మాత్రం అడుగున పొట్టలోతు నీళ్లలో నిలబడి, మెడకి పలుపుతో సహా నెమరు వేస్తోంది. వెనక గోడ నుంచి అంచు దాకా అడుగులు వేసి చూస్తే పదకొండు వచ్చాయి. ఇలాంటి వాన ఇంకొకటి పడితే పాక దారినే ఇల్లూ.

అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. నన్ను దగ్గరికి రమ్మని, అందరూ వింటూండగా అడిగింది.

"దెయ్యాన్ని తోలేసేవు. బాగానే ఉంది. ఇప్పుడా గేదెల్ని ఎవరు తోల్తారే?"

ఆ వారమే నా వ్యాసం అచ్చయి వచ్చింది. పోస్టుమాను ఇచ్చిన పత్రికని విప్పకుండా పుస్తకాల కింద పెట్టేశాను. బళ్లో హెడ్మాస్టరుగారు ఊరుకుంటారా.

"టీచరుగారూ, తమరు దెయ్యాన్ని మళ్లీ పిలిపించే ఏర్పాటేవైనా చూస్తున్నారాండీ?"

"ఆయ్, మీరు దరఖాస్తు రాసివ్వండి. బదిలీ మీద తెప్పిద్దాం" అన్నాను గానీ, ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ మాటే రెండు రోజుల తర్వాత అత్తయ్య నోటి నుంచి వచ్చింది. ఈసారి హాస్యానికి కాదు. పేట పెద్దలు ఇద్దరు ఆమెకి ఈ ఉపాయం చెప్పారట. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వెన్ను నిమురుతూ అడిగింది. గొట్టం కాకుండా ఇంకో ఏడుపు కూడా నేను విన్నానని ఒక్కసారి అంటే చాలట. "మేవంటే నమ్మరే. దేన్నీ నమ్మనిదానివి, నువ్వంటే అందరూ నమ్ముతారు. ఒక్క మాట. నా ఇల్లు నిలబడతాది."

ఎంత సరిగ్గా లెక్కవేశారో చూడండి. జీవితంలో ఎవరైనా నా మాటకి అంత విలువ కట్టడం అదే మొదలు. నిజం చెబుతున్నాను, ఒక పూటంతా ఊగిసలాడాను. ఆ ఇంట్లోనే నేను బాల్యంలో సగం అన్నం తిన్నాను. అబద్ధం చిన్నది, ఇల్లు పెద్దది. కానీ ఒకసారి ఆ మాట అంటే, రేపు ఆడపిల్లకి దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టే రోజు నేను ఏ నోటితో అడ్డం వెళ్లను? మర్నాడు వెళ్లి, ఇల్లు పోయే రోజు వస్తే మా ఇంటికి వచ్చి ఉండు అత్తా, ఆ మాట మాత్రం అననని చెప్పేశాను. ఆమె నా వైపు చూడకుండా చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. అప్పటి నుంచి నాతో మాట మానేసింది.

ఈలోగా బావ ఊరుకోలేదు. ఖాళీ నేల కనిపిస్తే కోనసీమవాడికి ఒకటే మందు తెలుసు. స్నేహితుల్ని పోగుచేసి వాలు నిండా కొబ్బరి మొక్కలు పెట్టించాడు. ఎంత శ్రద్ధగా పెట్టారంటే, తోటలో పెట్టినట్టే ఒక్కొక్క మొక్కకి గుండ్రంగా పాదు చేసి, బూడిద, ఉప్పు వేసి, చుట్టుపక్కల ఉన్న కాస్త గరికని కూడా కలుపని పీకి శుభ్రం చేశారు. కలుపు ఉన్న పాదుని చూస్తే మా వాళ్లకి స్నానం చెయ్యని పిల్లాణ్ణి చూసినట్టుంటుంది. ఆశ్వయుజంలో ఒక్క మధ్యాహ్నం వాన కొట్టింది. పాదులన్నీ గిన్నెల్లా నిండాయి. నిండిన గిన్నె వాలు మీద ఎంతసేపు నిలుస్తుంది? ఒకదాని తర్వాత ఒకటి, మొక్కతో సహా, పాదు చెక్కు చెదరకుండా కిందకి జారిపోయాయి. వాన వెలిసి చూస్తే గొయ్యి అడుగున నీళ్లలో కొబ్బరి మొక్కలు నిటారుగా నిలబడి ఉన్నాయి.

"మొక్కలన్నీ తానానికి దిగేయండీ" అన్నాడు ఎవరో వెనక నుంచి. బావ కూడా నవ్వాడు, పాపం, ఏం చేస్తాడు. అంచు మాత్రం ఇంకో రెండడుగులు ఇంటి వైపు జరిగింది.

ఆ నవ్వుల మధ్య నాకొకటి కనిపించింది. వాలంతా కొరుక్కు తిన్నట్టు వెనక్కి పోయింది గానీ, గొట్టం చుట్టూ ఉన్న ముక్క మాత్రం పోలేదు. గచ్చపొద, రెల్లు దుబ్బు, పది పన్నెండు వెంపలి మొక్కలు ఉన్న ఆ జాగా, రెండు పక్కలా నేల జారిపోయాక, ముక్కులా ముందుకి పొడుచుకుని నిలబడి ఉంది. మర్నాడు బడికి సెలవు పెట్టి, గడ్డపలుగు పట్టుకుని దిగాను. ఒక వెంపలి మొక్కని పక్క నుంచి జాగ్రత్తగా తవ్వుతూ పోయాను. మొక్క నా మోకాలంత. వేరు నా చెయ్యి దాటింది, ఇంకా కిందకి ఉంది. బంకమట్టి దాటి, ఇసుక పొరలోకి కూడా వెళ్లి పట్టుకుంది. రెల్లు వేళ్లు అడ్డంగా వలలా అల్లుకుని ఉన్నాయి. నాలుగేళ్లు ఇంటిని కాసింది ఇదీ. దెయ్యం చేసిన పనల్లా మమ్మల్ని దూరంగా పెట్టడమే. సైన్సు టీచర్ని, దెయ్యం కోసం దిగిన సాయంత్రం చీరకి పల్లేరుకాయలు అంటితే దులుపుకున్నాను గానీ, అవి ఎక్కడి నుంచి వచ్చాయని చూడలేదు.

ఆ వేరుని తడిగుడ్డలో చుట్టి, మాట్లాడని మనిషి దగ్గరికి తీసుకెళ్లాను. అరుగు మీద పొడుగ్గా పరిచి, పక్కన కూర్చున్నాను. అత్తయ్య ఒంగి, జానలతో కొలిచింది.

"వెంపలే కదే ఇది. దీంతో పళ్లు తోవుకునేవోళ్లం. దీని ఏరు ఇంతుంటాదా?"

"ఉంటాది అత్తా. మనం చూళ్లేదంతే."

"మనవంటావేటే. నువ్వు చదివేవు కదా."

మాట కలిసింది. ఆ తర్వాత ఆలోచన ఆమెదే. విత్తనం చల్లితే వానకి కొట్టుకుపోతుంది, మొలిచేదాకా మట్టిని పట్టేది ఏదైనా కావాలి అని నేను అంటూంటే, "డొక్క పెడితే?" అంది. వలుపు దగ్గర ముప్పై ఏళ్లు డొక్కలు మోసిన మనిషి. తోటల్లో కొబ్బరి మొదట్లో డొక్కలు పూడ్చి తేమ నిలపడం అందరికీ తెలిసిందే. దాన్ని వాలుకి అడ్డంగా, వరసగా, ఇటుక పేర్చినట్టు సగం పాతి, ఒక్కొక్క డొక్క దొన్నెలో గుప్పెడు ఒండ్రు, చిన్న గరిక గడ్డ పెట్టాలన్నది ఆమె ఊహ. పైన పిల్లిపెసర, జనుము చల్లాలన్నది నాది. వరి కోశాక పొలాల్లో చల్లేవే గనుక గింజలు ఎవరింట్లో చూసినా ఉంటాయి.

పని కంటే మాట కష్టమైంది. ఎన్ని వరసలు పెట్టినా గేదెలు దిగితే అయిపోయినట్టే. బుధవారం మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో స్త్రీల కూటం జరిగేది. వాళ్లు ప్రార్థన ముగించేదాకా నేను బయట నందివర్ధనం చెట్టు కింద నిలబడి, ఆమెన్ వినిపించగానే లోపలికి వెళ్లేదాన్ని. మొదటి బుధవారం వేరు చూపించి నేను చెప్పిందంతా విని, పక్కింటి కోడలు తాపీగా అడిగింది.

"అంతా బాగానే ఉంది టీచరమ్మా. మరి మా గేదెకి గడ్డి నువ్వు తెచ్చి పెడతావా?"

న్యాయమైన ప్రశ్న. గ్రంథాలయం వాకిట్లో అయితే నాలుగు మాటలతో కొట్టిపారేసేదాన్ని. ఆ రోజు మొదటిసారి, మా గురువుగారు చెప్పినట్టు, ఆమె వాదం ఆమె కంటే బాగా నాకు నేనే చెప్పుకుని చూశాను. పాలమ్మితేనే ఇల్లు గడిచే మనిషికి, గొయ్యికి తొమ్మిదడుగుల దూరంలో ఉన్న ఇంకొకరి గోడ కంటే ఈ పూట మోపు ముఖ్యం. అందుకని ఉపన్యాసం మాని, పందెం వేశాను. కాలవ గట్టు మీద మంచి గడ్డి ఉన్న చోట రెండు చీరలు పక్కపక్కన పరిచి, చీర పొడుగున రెండు మడులు గుర్తుపెట్టాం. ఒకటి అలవాటు ప్రకారం దోకుడుపారతో చెక్కాలి. రెండోది పిడికెడు ఎత్తు మొదలు వదిలి కొడవలితో కొయ్యాలి. పెరిగినప్పుడల్లా అలాగే చెయ్యాలి. రెండు నెలలు ఏ మడి గడ్డి ఎంత వచ్చిందో ఆ కోడలే చూసింది. చెక్కిన మడిలో రెండోసారికే మట్టి తేలింది. కోసిన మడి ఐదు మోపులు ఇచ్చి, ఇంకా లేస్తూనే ఉంది. తొమ్మిదో బుధవారమో పదో బుధవారమో, ప్రార్థన కాకముందే ఆమె బయటికొచ్చి, "గెలిచేవులే, లోపలికి రా" అని నన్ను పిలిచింది. ప్రార్థన మధ్యలో నేను లోపల కూర్చున్నది అదొక్కసారే.

కట్టుబాటు ఆడవాళ్లే రాసుకున్నారు. వాలు మీద గేదె దిగరాదు. పార దిగరాదు. గడ్డి బుధ, శనివారాల్లో వంతుల వారీగా, పిడికెడు వదిలి కొయ్యాలి. ఎవరి గేదె దిగితే వాళ్లు నలభై డొక్కలు మోసుకొచ్చి వరసలో పెట్టాలి. మొదటి తప్పు మా మేనత్త గేదెదే. పలుపు తెంపుకుని దిగి పిల్లిపెసర మేసేసింది. పోనీలే పెద్దదానివి అని అందరూ అన్నా వినలేదు. నెత్తి మీద గంపతో, నాలుగు విడతలుగా, ఒకటీ రెండూ అని పేటంతా వినేలా లెక్కపెడుతూ మోసింది. మూడో విడతలో పాస్టరుగారు గుడి నుంచి వస్తూ, తెల్లబట్టలతోనే గంపకి ఓ చెయ్యి వేశారు. "అటేపు నాకిప్పుడు పనుందండి" అన్నారు నన్ను చూసి.

మరుసటి ఏడు వానాకాలం నాకు బాగా గుర్తు. ఆరు రోజుల వాన. పేటంతా గోనెసంచులు తల మీద కొప్పెరలుగా వేసుకుని గట్టు మీదే ఉన్నాం. నీళ్లు వరస దాటి వరసకి దిగుతూ, ఒక్కొక్క వరస దగ్గర కాస్సేపు ఆగి, అడుగుకి వచ్చేసరికి దాదాపు తేటగా ఉన్నాయి. ఒకే ఒక్క వరస ఓ పక్కకి ఒరిగింది. అంచు ఒక్క వేలు కూడా జరగలేదు. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఆయ్, నిలబడిందే" అంది. వానలోనే అందరికీ వేడి గంజి, ఉప్పుచేప పెట్టింది. పెళ్లిళ్లలో కూడా అంత సంతోషంగా తిన్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఆ తర్వాతి ఏళ్లు ఆ వాలే నా బడి. పిల్లిపెసర వేళ్లకి ఉన్న బుడిపెల్ని గోటితో చిదిమి లోపల గులాబీరంగు చూపిస్తే, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నోళ్లు తెరిచారు. గాలిలోని నత్రజనిని నేలకి తెచ్చే కార్ఖానాలు మా పేట గొయ్యిలోనే ఉన్నాయని చెబితే వాళ్లకి పాఠం మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది. మొదటి ఏడు గరిక, గడ్డిచేమంతి, తుంగ. రెండో ఏడు వెంపలి తనంతట తనే లేచింది, మేము చల్లిన జనుము తప్పుకుంది. కార్తీకంలో రెల్లు పూసి, వాలంతా తెల్లగా ఊగింది. మూడో ఏడు వెంపలి నీడన కానుగ గింజలు పెట్టాం. ఎండలో పెట్టినప్పుడు ఒక్కటీ బతకలేదు గానీ, నీడన పెట్టినవి దాదాపు అన్నీ బతికాయి. మధ్యలో వేసిన అవిసె రెండేళ్లలో రెండు నిలువుల ఎత్తు పెరిగి, దాని పని అయిపోయినట్టు విరిగి పడింది. పికిలిపిట్టలు ఎక్కడెక్కడో తిన్న పళ్ల గింజలు తెచ్చి వేశాయి, వేప, మేడి మేమెవరం నాటకుండానే వచ్చాయి. అడుగున నీళ్లలో ఊదారంగు కలువలు, నీటికోళ్లు. ఒక మొక్క వచ్చి, ఇంకొకదానికి చోటు చేసి, తను పోవడం చూస్తూంటే సంఘసంస్కరణ మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటి కంటే అదే సూటిగా అనిపించేది. నేను చేసిన తప్పు కూడా అక్కడే అర్థమైంది. భయాన్ని పీకేశాను, ఆ చోట ఏమీ నాటలేదు.

ఈ కథ విని, చూశావా, దెయ్యమే మేలు చేసింది, నమ్మకాలు ఊరికే పుట్టవు అనేవాళ్లు నాకు తరచు ఎదురవుతారు. వాళ్లకి ఇప్పటికీ ఒకటే చెబుతాను. దెయ్యం నాలుగేళ్లు కాసింది, ఒక్క సాయంత్రంలో పోయింది. ఆడవాళ్ల కట్టుబాటు ఇరవై ఏళ్లకి పైగా నిలిచింది, దాన్ని ఎవరి అరచెయ్యీ ఆపలేకపోయింది. తెలిసి చేసిన పనికీ, తెలియక ఆగిన పనికీ తేడా అదే. ఈ విషయంలో నేను ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గను.

అత్తయ్య తొంభై దాటాక, ఆ ఇంట్లోనే, నిద్రలో పోయింది. ఇప్పుడది డాబా ఇల్లు. బావ మనవలు ఉంటున్నారు. పేటలో గేదెలున్న ఇళ్లు రెండో మూడో. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. గడ్డి వంతులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. ఆగినా ఏమీ కాలేదు, కానుగలూ వేపలూ కలిసిపోయి కింద గడ్డికి ఎండే తగలదు. వాలుకి ఇప్పుడు మా కొడవలీ అక్కర్లేదు, మా మాటా అక్కర్లేదు. నిజానికి మేము కోరుకున్నది అదే. అయినా బుధవారం మధ్యాహ్నం వస్తే, ఎవరో ఒకరు నా మాటకి అడ్డం పడి, న్యాయంగా, తాపీగా, ఒక ప్రశ్న వేస్తే బాగుండుననిపిస్తుంది. ఇప్పుడు పేటలో నన్ను చూస్తే అందరూ లేచి నిలబడి, ఆయ్ అండీ అని తలాడిస్తారు. వాదించరు.

పిల్లలు దాన్ని తోట అంటారు. అక్కడ గొయ్యి ఉండేదని చెబితే నవ్వుతారు. ఎవరు వేశారని అడగరు. అది ఎప్పటి నుంచో అక్కడే ఉందనుకుంటారు. ప్రశ్న వెయ్యండి, ప్రశ్న వెయ్యండి అని జన్మంతా గొంతు చించుకున్న నాకు, జనం ప్రశ్న వెయ్యకపోతే సంతోషం కలగడం అదొక్క చోటే, అందులో కాస్త నొప్పి ఉన్నా. మా మేనత్త బతికున్నన్నాళ్లూ వెనక వాకిట్లోకి అడుగు పెట్టే ముందు, అక్కడ నేల ఉందా అని బొటనవేలితో తడిమి చూసుకునేది. వాలు నిలబడి పదేళ్లయినా ఆ అలవాటు పోలేదు. మొన్న వెళ్తే ఆమె మునిమనవరాలు, ఏడేళ్లుంటాయేమో, వెనక తలుపు భళ్లున తోసుకుని, కిందకి చూడనైనా చూడకుండా, చెట్లలోకి పరిగెత్తుకుంటూ వెళ్లిపోయింది.